పరిగె



మా ఊరు నాగార్జునసాగర్ కుడికాలువ కింద ఉంటుంది. నా చిన్నతనంలో వరి కోసి, పనలు కట్టి, బళ్లమీద కుప్పకు తోలేశాక పొలంలోకి ఇంకో జట్టు దిగేది. ఎక్కువమంది ఆడవాళ్లు, వాళ్ల వెంట పిల్లలు. కొయ్యకాళ్ల మధ్య రాలిపడిన వెన్నుల్ని ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకునేవాళ్లు. పరిగె ఏరుకోవడం అంటే అదే. ఆ పనికి కొన్ని కట్టుబాట్లుండేవి. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ఆఖరి బండి గట్టు దాటాకే చేలో కాలు పెట్టాలి. చేతిలో కొడవలి ఉండకూడదు. కుప్ప దరిదాపులకు పోకూడదు. ఒడి నిండితే ఇంటిదారి పట్టాలి. రైతు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. కొందరు రైతులు వెనక వచ్చేవాళ్ల కోసం కావాలనే నాలుగు వెన్నులు రాల్చిపోయేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది. మా తాత మాత్రం ఆ రకం కాదని కూడా ఆవిడే చెప్పేది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పనిలో పాతికేళ్లు గడిపాను. వెబ్ స్క్రేపింగ్ అంటే ఏమిటి, అది దొంగతనమా కాదా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కొయ్యకాళ్ల చేనే.

స్క్రేపింగ్ అంటే గీకడం. మా ఆఫీసులో కుర్రాళ్లు "ఆ సైటు గీకేశాం అన్నా" అనే అంటారు. పని చాలా మామూలుది. మీరు ఫోనులో ఒక వెబ్ పేజీ తెరిస్తే అవతలి కంప్యూటరు ఆ పేజీని మీకు పంపుతుంది, మీరు చదువుకుంటారు. గీకే ప్రోగ్రాము కూడా అదే పేజీని అదే దారిలో అడుగుతుంది. తనకు కావలసిన ముక్క అందులో ఎక్కడుందో చూసి, కోసి, ఒక పట్టికలో వేసుకుని తర్వాతి పేజీకి పోతుంది. మనిషి రోజంతా కూర్చుని వంద పేజీలు చూస్తే కళ్లు మండుతాయి. దానికి లక్ష పేజీలైనా విసుగు లేదు. ఒడికీ బండికీ ఉన్నంత తేడా.

నేనూ గీకాను. 2009 ప్రాంతంలో. మా నాన్న మిరప వేసేవాడు. గుంటూరు యార్డులో ఆ రోజు తేజ రకం ఎంత పలికిందో తెలియాలంటే కమీషన్ వ్యాపారికి ఫోన్ చేయాలి. ఆయన చెప్పే ధరకూ మర్నాడు పేపర్లో పడే ధరకూ పొంతన ఉండేది కాదు. ధరలు పెట్టే ఒక వెబ్‌సైటు నాకు దొరికింది. సాయంత్రానికల్లా ఆ రోజు లెక్క అందులో ఎక్కేది. మా నాన్న దగ్గర ఉన్నది మీటల ఫోను. అందుకని ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. అది రోజూ సాయంత్రం ఆ పేజీ తెరిచి, తేజ ధర చూసి, ఆయనకు ఎస్సెమ్మెస్ పంపుతుంది. కనిష్ఠం, గరిష్ఠం, రెండే అంకెలు. ఆయన వాటిని క్యాలెండరు మీద తేదీ పక్కన రాసుకునేవాడు. నేను ఈ వృత్తిలో చేసిన పనులన్నిటిలో మా ఇంట్లో అందరికీ అర్థమైన పని అదొక్కటే.

ఒక సంక్రాంతికి ముందు దాన్ని కొంచెం మార్చాను. కొత్త ధర ఎక్కిందో లేదో పదే పదే చూసుకుంటుందని, రెండు తడవల మధ్య కొంత వ్యవధి పెట్టబోయి, ఆ ఒక్క వాక్యం రాయడం మరిచిపోయి, ఆఫీసు కంప్యూటరులో దాన్ని అలాగే వదిలేసి పండక్కి ఊరెళ్లిపోయాను. నాలుగు రోజుల పాటు అది సెకనుకు ఇన్నిసార్లని ఆ తలుపు కొడుతూనే ఉంది. పండగ సెలవులు కదా, యార్డూ లేదు, కొత్త ధరా లేదు. నేను తిరిగొచ్చేసరికి ఆ సైటు వాళ్లు మా ఆఫీసు ఇంటర్నెట్ చిరునామా మొత్తాన్ని లోపలికి రాకుండా ఆపేశారు. మా నెట్‌వర్క్ చూసే అతను ఎవరి పనిరా ఇది అని రెండు రోజులు వెతికాడు. నేను నోరు మెదపలేదు. ఈ రోజు రేడియోలో ఒప్పుకుంటున్నాను.

అప్పట్లో నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఈ రంగంలో కట్టుబాటు అనేది పుట్టిందే సరిగ్గా ఇలాంటి తప్పు వల్ల. ఇంగ్లండులో మార్టిన్ కోస్టర్ అనే ఇంజినీరు ఉండేవాడు. వెబ్ ఇంకా పసిగుడ్డుగా ఉన్న రోజులు. ఎవరో కుర్రవాడు రాసిన ప్రోగ్రాము ఒకటి ఆయన సర్వరు మీద పడి ఊపిరాడకుండా చేసింది. ఆ కుర్రవాడిని నేనేనని తర్వాత కాలంలో సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరు తెచ్చుకున్న చార్లెస్ స్ట్రాస్ తానే చెప్పుకున్నాడు. 1994లో కోస్టర్ ఒక ఉపాయం ప్రతిపాదించాడు. ప్రతి వెబ్‌సైటూ తన గుమ్మంలో ఒక చిన్న ఫైలు పెట్టుకుంటుంది. దాని పేరు రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ. ఫలానా గదిలోకి రావొద్దు, ఫలానావాడు అసలే రావొద్దు అని మామూలు అక్షరాల్లో నాలుగు ముక్కలు ఉంటాయి. వచ్చే ప్రోగ్రాము ముందు దాన్ని చదువుకుని, కాదన్న చోటికి పోకుండా మసలుకోవాలి.

అది తాళం కాదు. వట్టి బోర్డు. "కుక్క ఉన్నది జాగ్రత్త" అన్నంత కూడా కాదు, ఎందుకంటే లోపల కుక్క లేదు. అయినా గూగుల్‌తో సహా పెద్ద పెద్ద కంపెనీలు చాలావరకు పాతికేళ్లకు పైగా ఆ బోర్డును మన్నించాయి. దానికి అధికారిక ప్రమాణంగా ఒక నంబరు, ఆర్ఎఫ్‌సీ 9309, పడింది 2022లో. ఆ పత్రం కూడా ఈ నియమాలు లోపలికి రావడానికి అనుమతిపత్రం లాంటివి కావని విడిగా చెప్పుకుంది. కొడవలి తేవద్దని రైతు రాసి ఇవ్వలేదు, వాళ్లూ సంతకం చేయలేదు, అయినా నడిచింది. అలాగే ఇదీ నడిచింది. నడిచినన్నాళ్లు.

గీకడం చెడ్డపని అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. పాత తెలుగు పుస్తకాలు చదివే అలవాటున్న శ్రోతలకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన చిత్తూరు జిల్లా మనిషి రాజ్ రెడ్డి గారు తలపెట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగం అది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా అందులో పాలుపంచుకుంది. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఎక్కడా దొరకని పాత పత్రికలు, శతకాలు, వ్యాకరణాలు. అయితే ఆ సైటు నుంచి ఒక పుస్తకం తెచ్చుకోవడం ఒక తపస్సు. ఒక్కో పుట విడివిడిగా వచ్చేది, సగంలో ఆగిపోయేది. తర్వాత సైటే మూతపడింది. ఈలోగా అమెరికాలో కార్ల్ మలముద్ అనే ఆయన, ఆయన నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ, ఆ పుస్తకాలను నాలుగు లక్షలకు పైగా కాపీ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. ఇవాళ మీ మనవరాలు ఆర్కైవ్‌లో ఒక పాత తెలుగు పుస్తకం తెరిచి చదువుతోందంటే అది చాలావరకు అలా ఏరి తెచ్చిన పరిగే. ఏరినవాళ్లను తిట్టాలో మొక్కాలో ఆ పుస్తకాలు చదివేవాళ్లే చెప్పాలి. నేనైతే మొక్కుతాను.

ఇక రెండో వైపు. ఇది కొంచెం నిదానంగా చెప్పుకోవలసిన కథ.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పథకంలో ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి పడింది అన్నది గుట్టు కాదు. గుట్టు కాకూడదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ అని ఒక పద్ధతి గట్టిగా నిలబడింది. ఊళ్లోకి తనిఖీ బృందం వచ్చి, జాబ్ కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఆఖరున గ్రామసభలో మస్టరు చదువుతుంది. "సుబ్బమ్మ, పన్నెండు రోజులు." సుబ్బమ్మ లేచి, "నేను ఆరు రోజులే వెళ్లానయ్యా" అంటుంది. లేకపోతే గుంపులోంచి ఎవరో, "సుబ్బమ్మ పోయి ఏడాదైంది గదా" అంటారు. ఈ సంభాషణ నేను కల్పించి చెబుతున్నాను గానీ, చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి ఎత్తడం అలాంటి సభల్లో బయటపడిన మాట నిజం. అక్కడ పేరు బయటికి చదవడమే పేదవాడికి రక్ష. నా కూలి నా సొంత విషయం అని సుబ్బమ్మ అనదు. నలుగురికీ తెలిస్తేనే అది తన చేతికొస్తుందని ఆమెకు తెలుసు.

సరే, ఆ మస్టరు జాబితా కంప్యూటరు ఎక్కింది. మంచిదే. 2017 మే నెలలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ప్రచురించింది. అంబర్ సిన్హా, మన శ్రీనివాస్ కొడాలి రాశారు. వాళ్లు నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లు చూశారు. రెండు కేంద్రానివి, రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఆంధ్రవాటిలో ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. పేరు, ఊరు, కూలితో పాటు ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు అక్కడ ఎవరికైనా కనిపించేలా ఉన్నాయి. నాలుగు సైట్లలో కలిపి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, 10 కోట్ల దాకా ఖాతా నంబర్లు అలా బయట ఉండి ఉంటాయని వాళ్ల అంచనా.

ఇక్కడ గమనించండి. ఎవరూ తాళం పగలగొట్టలేదు. హ్యాకరు ఎవడూ అర్ధరాత్రి ముసుగేసుకుని రాలేదు. పారదర్శకత కోసం, మంచి ఉద్దేశంతోనే, అధికారులే తెచ్చి వాకిట్లో ఆరబోశారు. గ్రామసభలో చదివిన జాబితాకు గ్రామమే హద్దు. విన్నవాళ్లకు సుబ్బమ్మ తెలుసు, సుబ్బమ్మకు వాళ్లు తెలుసు. వెబ్‌సైటులో అదే జాబితాకు హద్దు లేదు. ఒక కుర్రవాడు ఒక రాత్రిలో ఒక ప్రోగ్రాముతో జిల్లా మొత్తం మడత పెట్టి జేబులో వేసుకోవచ్చు. సుబ్బమ్మకు వాడెవడో తెలియదు, ఏం చేసుకుంటాడో తెలియదు. జాబితా మారలేదు, చదివేవాడు మారాడు.

ఇది మన పల్లెటూరి కూలీల గొడవ అనుకునే సాఫ్ట్‌వేర్ సోదరులకు వాళ్ల గొడవ కూడా ఒకటి చెబుతాను. అమెరికాలో హైక్యూ అని ఒక చిన్న కంపెనీ ఉండేది. లింక్డిన్‌లో ఉద్యోగులు అందరికీ కనిపించేలా పెట్టుకున్న వివరాలను గీకి, ఏ ఉద్యోగి ఉద్యోగం మానేసే సూచనలున్నాయో లెక్కగట్టి, ఆ లెక్కను వాళ్ల యజమానులకు అమ్మేది. కొత్త నైపుణ్యాలు చేర్చావు, ఫోటో మార్చావు అంటే గోడ దూకబోతున్నావన్నమాట. మీరు పెట్టుకున్నది పెళ్లిచూపులకు పట్టుచీర లాంటి వివరం, అది చేరింది అత్తగారింటికి ఫిర్యాదుగా. 2017లో లింక్డిన్ ఆపమంది, వ్యవహారం కోర్టుకెక్కింది. అందరికీ తెరిచి పెట్టిన పేజీని చూడటం కంప్యూటర్ నేరాల చట్టం కింద చొరబాటు కాదన్న వైపే 2019లోనూ 2022లోనూ అప్పీలు కోర్టు మొగ్గింది. చివరికి ఒప్పంద షరతులు మీరినందుకు హైక్యూ 5 లక్షల డాలర్లకు తలొగ్గి ముగించుకుంది. ఈ కేసులో నాకు నవ్వొచ్చే సంగతి, ఇద్దరు పెద్దమనుషులు కొట్లాడుకున్నది మూడోవాడి ధాన్యం కోసం. ఆ వివరాలు రాసుకున్న ఉద్యోగి ఆ కేసులో ఏ పక్షమూ కాదు.

మొహాల సంగతీ అంతే. క్లియర్‌వ్యూ అనే కంపెనీ సోషల్ మీడియా నుంచి, వెబ్ నుంచి 300 కోట్లకు పైగా ఫోటోలు ఏరి, ముఖం చూపిస్తే మనిషిని పట్టిచ్చే యంత్రం చేసి పోలీసులకు ఇచ్చిందని 2020 జనవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో కశ్మీర్ హిల్ రాసింది. పెళ్లి ఫోటో పెట్టినవాడు నలుగురు చుట్టాలు చూసి బాగుందంటారని పెట్టాడు. చుట్టాలు చూశారు, బాగుందన్నారు. మిగతాది అతనికి తెలియకుండా జరిగింది.

తెలుగువాళ్లకు ఈ విషయంలో చాలాకాలం ఒక విచిత్రమైన రక్షణ ఉండేది. మన లిపి. నవ్వకండి, నిజంగానే. ఇరవై ఏళ్ల కిందట తెలుగు పత్రికలు వెబ్‌లో ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. తెర మీద "అమ్మ" అని కనిపించేది, అడుగున మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉండేవి. గీకే యంత్రం వచ్చి ఆ చెత్త మూటగట్టుకుని పోయేది. 1991 నాటికే అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతపద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, పత్రికాఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో "అను" లాంటి ఫాంట్ల రాజ్యమే సాగింది. వెన్న నాగార్జున గారు పద్మ అని ఒక పనిముట్టు తయారు చేశారు. అది ఆ ఫాంట్ల గందరగోళాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టింది కూడా ఆయనే. తెలుగు కంప్యూటరుకు అర్థం కావాలని కొందరు ఇంత కష్టపడుతుంటే, అర్థం కాకపోవడం వల్ల కూడా ఒక లాభం ఉందని అప్పుడెవరూ అనుకోలేదు.

మాటల్లో మాట, 2018 ఫిబ్రవరిలో మన అక్షరం ప్రపంచాన్ని వణికించిన సంగతి గుర్తుందా? "జ్ఞానం"లోని "జ్ఞా". మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో ఆ అక్షరాన్ని ఎవరైనా సందేశంలో పంపితే ఐఫోనులో ఆ యాప్ కుప్పకూలేది. తెరిస్తే మళ్లీ కూలేది. ఆపిల్ కంపెనీ ఆ నెల 19న హడావుడిగా దిద్దుబాటు విడుదల చేసింది. అంత ఖరీదైన ఫోను మన జ్ఞానాన్ని మొయ్యలేకపోయిందని ఆ వారం మా ఆఫీసులో ఎన్ని జోకులు పేలాయో.

అసలు సంగతికి వస్తాను. అదే 2018లో కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఓటర్ల జాబితాను బొమ్మ రూపంలో కాకుండా, కంప్యూటరు వెతకగలిగే అక్షరాల రూపంలో ఇప్పించమని. దొంగ ఓట్లు పట్టుకోవడానికి అలాగైతేనే వీలని ఆయన వాదన. అలా ఇస్తే ఓటర్ల వివరాలు దుర్వినియోగం అవుతాయని ఎన్నికల కమిషన్ వాదన. కోర్టు కమల్‌నాథ్ మాట ఒప్పుకోలేదు. చూశారా, జాబితా రహస్యం కాదని ఇద్దరికీ తెలుసు. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. కొట్లాటంతా మనిషి చదివే రూపమా, యంత్రం చదివే రూపమా అనే. బొమ్మ రూపంలో ఉంటే ఏరేవాడికి నడుం వంచక తప్పదు, ఒడి కంటే ఎక్కువ పట్టదు అన్నది దానిలోని ధీమా.

ఆ ధీమా ఇప్పుడు తీరిపోయింది. బొమ్మలోని తెలుగును చదివే ప్రోగ్రాములు అప్పట్లో "ప"ను "వ" అనీ, వత్తుల్ని ఎగరగొట్టీ నానా తిప్పలు పడేవి. ఇవాళ ఫోను కెమెరా కరపత్రం మీద పెడితే చాలు, గడగడా చదివేస్తోంది. కృత్రిమ మేధకు తెలుగు వచ్చినందుకు నేను సంతోషించేవాడినే. తెలుగు పేజీలు ఎవరో గీకబట్టే దానికి తెలుగు వచ్చింది, అదీ నిజమే. కానీ బొమ్మగా ఉంది కదా అన్న భరోసాతో ఏ పంచాయతీ ఆఫీసులో, ఏ కాలేజీలో, ఏ కులసంఘం పెళ్లి సంబంధాల పుస్తకంలో ఎవరి వివరాలు స్కాన్ చేసి పెట్టి ఉన్నారో, అవన్నీ ఒక్కసారిగా అక్షరాలైపోయాయి. ఎవరూ వాటిని కొత్తగా బయటపెట్టలేదు. వాటి మీదున్న చీకటి పోయింది, అంతే.

చట్టం ఏమంటుందని అడుగుతారు. గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకకంఠంతో చెప్పారు. కేసు వేసిన పుట్టస్వామి గారు తానే ఒక విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి. ఆరేళ్ల తర్వాత, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. వినడానికి గట్టిగానే ఉంది. కానీ మూడో సెక్షనులో ఒక వెసులుబాటు ఉంది. మీ వివరం మీరే బహిరంగంగా పెట్టుకున్నా, లేక చట్టప్రకారం పెట్టవలసినవాళ్లు పెట్టినా, దానికి ఈ చట్టం వర్తించదు. అంటే వాకిట్లో ఆరబోసిన ధాన్యానికి కాపలా లేదు. ఇంకోవైపు ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలో ఒక నిబంధనను మార్చింది. వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఇదివరకు ఆ నిబంధనలోనే ఉండేది, అక్కణ్ణుంచి తీసేశారు. ప్రజాప్రయోజనం ప్రస్తావన ఆ చట్టంలో మరోచోట ఉంది గానీ, అడిగినవాడిని తిప్పి పంపాలనుకునే అధికారికి ఈ ఒక్క మార్పు చాలు. నాకు ఇందులో నచ్చనిది అదే. మస్టరు చదివించుకోవాలనుకునే సుబ్బమ్మకు తలుపు బిగుసుకుంది, లక్ష పేజీలు గీకేవాడికి తెరిచే ఉంది. ఒకరు అడిగేదెంత, ఒకరు ఎత్తుకుపోయేదెంత అన్న కొలత ఆ వెసులుబాటులో ఎక్కడా లేదు. మా ఊరి కట్టుబాటులో అసలు సంగతి అదే.

రోజూ మనం చేతులారా ఇచ్చేవి వేరే. బట్టల షాపులో, మందుల షాపులో "నంబర్ చెప్పండి సార్" అనగానే చెప్పేస్తాం. నంబరు కోసం పట్టుబట్టొద్దని 2023 మేలో వినియోగదారుల మంత్రిత్వ శాఖ వ్యాపారులకు చెప్పింది. ఎవరు విన్నారు? మా పెద్దమ్మ ఎప్పుడో కోయించేసిన ల్యాండ్‌లైను నంబరు చెబుతుంది. ఎస్టీడీ కోడుతో సహా. బిల్లు కొట్టే అమ్మాయి తికమకపడి చివరికి తన నంబరే కొట్టుకుంటుందట.

ఇప్పుడు పొలాల్లో పరిగె లేదు. వరికోత మిషను వచ్చాక కోత, నూర్పిడి ఒక్కసారే. వెన్ను వెన్నుగా రాలేది లేదు, రాలితే గింజ రాలుతుంది, మట్టిలో గింజ ఎవరేరుతారు. వెబ్‌లోకీ కోత మిషన్లు దిగాయి. కృత్రిమ మేధకు మేత కావాలి. 2024 జనవరి నుంచి తమ దగ్గర బొమ్మలు, వీడియోలు దించుకునే రద్దీ 50 శాతం పెరిగిందనీ, తమకు ఎక్కువ ఖర్చు తెచ్చే రద్దీలో 65 శాతం యంత్రాలదేననీ వికీపీడియా నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్లో చెప్పింది. చందాలతో నడిచే సర్వర్లు అవి. కరెంటు బిల్లు కట్టేది ఒకరు, కోసుకెళ్లేది ఇంకొకరు. కోస్టర్ పెట్టిన బోర్డును చదివి కూడా లెక్కచేయకుండా పోయేవాళ్లు ఎక్కువయ్యారు. దాంతో జరిగిందేమిటంటే, చేను గలవాళ్లంతా ముళ్లకంచెలు వేస్తున్నారు.

ఆ కంచె మా ఇంటిదాకా వచ్చింది. మా నాన్నకు ఇప్పుడు 79. స్మార్ట్‌ఫోను ఉంది, నా ఎస్సెమ్మెస్ ప్రోగ్రాము ఎప్పుడో పోయింది, ధరలు ఆయనే చూసుకునేవాడు. మొన్నొకసారి ఆయన చూసే పేజీ తెరవబోతే, బస్సులున్న గళ్లన్నీ నొక్కి మీరు మనిషేనని నిరూపించుకోండి అందట. రెండుసార్లు నొక్కాడు. ఒక గడిలో బస్సు కాదు, బస్సు అద్దం మాత్రమే ఉంది. నొక్కాలా వద్దా? నాకు ఫోన్ చేశాడు. "ఒరే, యాభై ఏళ్లు మిరప పండించినోణ్ణి, మనిషినేనని వాడికి రుజువు చూపించాలంట్రా?" అన్నాడు. పదహారేళ్ల కిందట నేను మరిచిపోయిన ఆ ఒక్క వాక్యం గుర్తొచ్చింది. చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన మళ్లీ రేడియోకు వచ్చాడు. పాతరోజుల్లో మా ఇంట్లో రేడియోకు లైసెన్సు పుస్తకం ఉండేది. ఏటేటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి రావాలి. ఎవరింట్లో రేడియో ఉందో పోస్టుమాస్టరు గారికి తెలుసు. ఆ ఇంట్లో ఏ స్టేషను వింటున్నారో, ఏ పాటకు గొంతు కలిపారో, ఏ వార్తకు విసుక్కుని కట్టేశారో మాత్రం తెలియదు. 1980లలో ఆ లైసెన్సు కూడా పోయింది. ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను, మీరెవరో నాకు తెలియదు. నచ్చక మధ్యలో కట్టేసినా నాకు తెలియదు. ధైర్యంగా ఉంది.

ఈ ప్రసంగం రికార్డింగుకు వస్తున్నానని నాన్నకు చెబితే ఒక కబురు పంపాడు. సాయంత్రం ధరవరలు చదివే అమ్మాయి వరి, పత్తి బాగానే చదువుతోందట, మిర్చి దగ్గరకొచ్చేసరికి తొందరపడుతోందట. తేజ ధర కనిష్ఠం, గరిష్ఠం కాస్త ఆగి చదవమన్నాడు. క్యాలెండరు మీద రాసుకోవాలి కదా.